వరుస మారితే లెక్క ఎందుకు చెడుతుంది?

ఎక్సెల్‌లో క్లాసు మార్కుల పట్టిక వేశారు. ‘ఈ’ (E) కాలమ్‌లో మొత్తం, ఎఫ్ కాలమ్‌లో శాతం. గరిష్ఠ మార్కులు 600 అని హెచ్1 గడిలో ఒక్కచోటే రాశారు. ఎక్కువ మార్కులవాళ్లు పైకి రావాలని సార్ట్ నొక్కారు. మొత్తాలు చక్కగా ఉన్నాయి, శాతాలు మాత్రం గల్లంతు! ఎందుకు?

ఫార్ములా గడిని పేరుతో కాదు, దూరంతో గుర్తుపెట్టుకుంటుంది. ‘మా ఇంటికి ఎడమవైపు రెండో ఇల్లు’ అన్నట్టు. ఇల్లు మారితే ఆ రెండో ఇల్లూ మారిపోతుంది కదా! మొత్తానికి కావలసిన మార్కులన్నీ అదే వరుసలో ఉంటాయి, వెంటే కదులుతాయి. అందుకే దానికి ఏమీ కాలేదు. శాతం మాత్రం రెండో వరుస నుంచి ఐదుకు దిగితే, హెచ్1 బదులు హెచ్4ను చూస్తుంది. అక్కడ ఖాళీ. ఖాళీ అంటే సున్నా. సున్నాతో భాగించలేక ఎక్సెల్ తప్పు చూపిస్తుంది. తప్పు కనబడటమే నయం. ఆ గడిలో ఇంకేదో అంకె ఉంటే తప్పుడు శాతం నిజంలా కూర్చుంటుంది!

మరి ఎలా? డోర్ నంబరు ఇవ్వాలి. ఫార్ములాలో హెచ్‌కి ముందు, 1కి ముందు డాలర్ గుర్తు పెట్టండి. విండోస్ కంప్యూటర్లలో ఎఫ్4 మీట నొక్కినా వస్తుంది. ఇక వరుస ఎటు కదిలినా చూపు అక్కడే.

ఇంకొకటి: మార్కుల కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్ట్ చేయకండి. ఒకరి మార్కులు ఇంకొకరి పేరు పక్కన చేరతాయి.