అదను తప్పిన మెప్పు వద్దన్న జానకమ్మ

2013 జనవరి నెలాఖరు. మా మిరప కల్లంలో కూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. నేను పేపరు పట్టుకుని వెళ్ళి, "చూశారా అత్తయ్యా, ఎస్.జానకి గారు పద్మభూషణ్ వద్దన్నారట" అన్నాను.

"గవర్నమెంటు ఇస్తానంటే వద్దనడమేమిటమ్మాయ్? పొగరు కాకపోతేనూ!" అన్నారు అత్తయ్య.

కాయలు ఏరుతున్న ఒక పెద్దామె తలెత్తకుండానే అంది: "పొగరెందుకవుద్దమ్మా? చేను ఎండినాక వాన పడితే ఎవురిక్కావాలి?"

ఆ మాట నన్ను వదల్లేదు. జానకమ్మ కథంతా ఆ ఒక్క మాటలో ఉందనిపించింది.

ఆవిడ మన గుంటూరు సీమ బిడ్డే. 1938 ఏప్రిల్ 23న రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. చిన్నతనం కొంత సిరిసిల్లలో గడిచింది. పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడి దగ్గర సంగీతం మొదలుపెట్టారు. 1956లో ఆకాశవాణి పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ తర్వాత మద్రాసు, ఏవీఎం స్టూడియో. 1957లో తమిళ చిత్రం 'విధియిన్ విళైయాట్టు'తో సినిమా పాట మొదలైంది. అదే ఏడాది తెలుగులో 'ఎమ్మెల్యే' చిత్రానికి పాడారు.

1962లో వచ్చిన 'మురిపించే మువ్వలు' పాట మీలో చాలామంది వినే ఉంటారు. కారుకురిచ్చి అరుణాచలం గారి నాదస్వరంతో పోటీపడి పాడిన 'నీ లీల పాడెద దేవా'. నాదస్వరం ముందు గొంతు నిలబడటమంటే మాటలా? ఎక్కడ వాద్యం ఆగిందో, ఎక్కడ గొంతు అందుకుందో తెలియకుండా పాడారు. పసిపిల్ల గొంతు కావాలన్నా, ముసలమ్మ గొంతు కావాలన్నా ఆవిడనే పిలిచేవారు. ఇంతా చేసి, మైకు ముందు కదలకుండా మెదలకుండా నిలబడేవారు. నవ్వూ ఏడుపూ అన్నీ గొంతులోనే. తెర మీద కనిపించేది మరొకరి ముఖం. పరాయి భాష పాటను తెలుగు లిపిలో రాసుకుని, అర్థం అడిగి తెలుసుకుని పాడేవారు. అలా తమిళం, మలయాళం, కన్నడం వాళ్ళు కూడా 'మా జానకమ్మ' అనుకునేలా చేశారు. భర్త రామ్‌ప్రసాద్ గారు రికార్డింగులకు వెంట వెళ్ళి అండగా నిలిచారు. 1997లో ఆయన కన్నుమూశారు.

జాతీయ అవార్డు నాలుగుసార్లు వచ్చింది. 1977లో తమిళ '16 వయదినిలే', 1980లో మలయాళ 'ఒప్పోళ్', 1984లో మన 'సితార', 1992లో తమిళ 'తేవర్ మగన్'. 'సితార'లో 'వెన్నెల్లో గోదారి అందం' వినని తెలుగు ఇల్లుంటుందా?

ఇంత పాడినా పద్మ పురస్కారం మాట వచ్చేసరికి ఆవిడకు డెబ్బై నాలుగేళ్ళు. పాట మొదలుపెట్టి యాభై అయిదేళ్ళు దాటింది. ఇది చాలా ఆలస్యంగా వచ్చిందని, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు దక్కడం లేదని చెప్పి వద్దన్నారు. ఇస్తే భారతరత్న ఇవ్వాలని కూడా అన్నారు. అదేం గొప్పలు చెప్పుకోవడమని నొసలు చిట్లించినవాళ్ళున్నారు. తన పని విలువ ఇంత అని ఆడది నోరు తెరిచి చెబితే మనకెందుకో మింగుడుపడదు. అదే మాట మగవాడంటే ఆత్మాభిమానం అంటాం!

ఆవిడ తన సంగతే చూసుకున్నారనుకుంటే పొరపాటు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఎన్నో వేదికల మీద ఒక సంగతి చెప్పుకునేవారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు గూడూరులో పాటల పోటీలో ఆయనకు రెండో బహుమతి ఇచ్చారట. అతిథిగా వచ్చిన జానకమ్మ, ఈ అబ్బాయికే మొదటిది రావాల్సిందని అక్కడే అన్నారట. సినిమాల్లో పాడితే పైకొస్తావని ధైర్యమూ చెప్పారట. మెప్పు ఎప్పుడు అందాలో ఆవిడకు తెలుసు. అదను మీద ఇతరులకు ఇచ్చారు కూడా.

ఎప్పుడు ఆపాలో కూడా ఆవిడే తేల్చుకున్నారు. 2016లో ఒక మలయాళ జోలపాట పాడి ఇక చాలన్నారు. 2017 అక్టోబరులో మైసూరు కచేరీతో వేదికకూ వీడ్కోలు చెప్పారు.

కల్లంలో ఆ మాట విన్నరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తయ్య కొత్తగా పెట్టిన పండుమిరపకాయల పచ్చడి వేశారు. ఏటా తినేదే, ఏటా కంచం ఖాళీ చేసి లేచేదే. ఆ రోజు మాత్రం "ఇంత బాగా ఎవరూ పెట్టలేరత్తయ్యా" అన్నాను.

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయారు. "ముప్పై ఏళ్ళ నుంచి పెడుతున్నా. మీ మామయ్య ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు" అన్నారు. కాసేపాగి, "ఆ జానకమ్మ వద్దనడంలో తప్పులేదులే" అన్నారు.

మన ఇళ్ళల్లో ఇంకా ఒక్క మంచిమాటకు నోచుకోని చేతులు ఎన్ని ఉన్నాయో! బిరుదులూ శాలువాలూ మన చేతుల్లో లేవు. ఆ ఒక్క మాట ఉంది. అది ఇవాళే అనేద్దాం. ఏమంటారు?