సీసాన్ని పైకి తేల్చే బుడగ

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డు వెళ్లే ఈ తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి విస్తారంగా ఉంది. అందులో చాలాచోట్ల గ్రాఫైట్ రేకులుంటాయి. వేలితో రుద్దితే నల్లటి మెరుపు అంటుకుంటుంది. ఆ రేకులను చేత్తో ఏరి వేరుచేయలేం. రాయిని మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, గాలి బుడగలతో పైకి తేల్చాలి. సీసం, రాగి, జింకు సల్ఫైడ్ ఖనిజాలనూ ఇలాగే రాబడతారు.

ఆంధ్రలో సీసానికి ఈ పని జరిగిన చోటు పల్నాడులో వినుకొండ దగ్గరి అగ్నిగుండాల. అక్కడి బండలమొట్టు గనిని హిందుస్థాన్ జింక్ సంస్థ నడిపింది. గని తర్వాత మూతపడింది. అక్కడ డోలమైట్ రాతిలో గాలెనా అనే సీసపు సల్ఫైడ్ దొరికేది.

గాలెనా నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. డోలమైట్ మూడు రెట్లు కూడా ఉండదు. అయినా తేలేది గాలెనాయే. ఇక్కడ బరువు కాదు, రేణువు పైపొర తేల్చుతుంది. చేమాకు మీద నీటిబొట్టు అంటకుండా జారిపోవడం మన్యంలో అందరూ చూసేదే. గాలెనా రేణువుకు కూడా అలాంటి నీరంటని ఒళ్లు ఇవ్వాలి.

ఆ పని చేసేది జాంతేట్ అనే మందు. దాని అణువులో గంధకం ఉన్న కొస సీసాన్ని పట్టుకుంటుంది. నూనె స్వభావం ఉన్న రెండో కొస నీటికి దూరంగా ఉంటుంది. డోలమైట్‌కు ఇది పట్టదు. టన్ను ఖనిజానికి కొన్ని పదుల గ్రాములే చాలు, ఎందుకంటే పైపొర కప్పితే సరిపోతుంది. బుడగలు వెంటనే పగిలిపోకుండా పైన్ ఆయిల్ వంటిది కొద్దిగా కలుపుతారు.

బాల్ మిల్లులో నూరిన బురదను తొట్టెలోకి పంపి, తిరిగే రెక్కలతో గాలిని నింపుతారు. నీటికి దూరమైన రేణువు బుడగను తగులుకుని పైకి వస్తుంది. సీసపు రంగు నురగ అంచు దాటి కాలువలోకి జారుతుంది. మిగతాది కిందనుంచి పోతుంది. రేణువు సుమారు మిల్లీమీటరులో పదోవంతు లోపు ఉండాలి. పెద్దదైతే బుడగ మోయలేదు, మరీ పిండైతే తగులుకోదు.

జింకు సల్ఫైడ్ కూడా కలిసి ఉంటే ఇంకో నేర్పు కావాలి. ముందు జింకు సల్ఫేటు వేసి జింకును అణిచి, సీసాన్ని తేల్చేస్తారు. తర్వాత కాపర్ సల్ఫేటు వేస్తే జింకు రేణువుల పైపొర మారి అవీ తేలతాయి. ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ గనుల దగ్గర పనికిరాదని పోసిన గుట్టల్లోని జింకును 20వ శతాబ్దం మొదట్లో ఈ తేల్చే పద్ధతే బయటికి తెచ్చింది. ఒకే తొట్టెలో ఒక ఖనిజాన్ని ఆపి మరోదాన్ని పంపడం, నా దృష్టిలో, ఈ విద్యలో అన్నింటికన్నా గొప్ప భాగం.

గ్రాఫైట్‌కు జాంతేట్ అక్కర్లేదు, దానికి పుట్టుకతోనే నీరంటదు. కాస్త కిరోసిన్, పైన్ ఆయిల్ చాలు. అందుకే తీయడం సులభమని అనిపిస్తుంది. కానీ 5 శాతం గ్రాఫైట్ ఉన్న రాయి 100 టన్నులు నూరితే, సుమారు 95 టన్నులు మెత్తటి బురదగా మిగులుతుంది. అందులో పైరైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఉంటే గాలీ వానా తగిలి ఆమ్లం పుడుతుంది. ఏటవాలు కొండల్లో, ఏడాదికేడాది భారీ వానలు పడే చోట, ఆ బురదకు గట్టు ఎక్కడ కడతారు, దాని నుంచి ఊటనీరు ఏ వాగులో కలుస్తుంది అన్నది గని పని మొదలుపెట్టకముందే కింది గూడేల వాళ్లకు చూపించి చెప్పాలి.