ఏ మాంసానికి ఏ పులుపు?

అమెరికా పద్ధతిలో చేసిన తీపి బార్బిక్యూ సాస్ సీసా వెనక చీటీ చదవండి. రెండు పెద్ద చెంచాలకు, అంటే సుమారు 37 గ్రాముల సాస్‌కు, 12 నుంచి 16 గ్రాముల పంచదార ఉంటుంది. బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తీపే. ఆ సీసానే సూర్యలంక చందువాకీ, తెనాలి వేటమాంసానికీ, రేపల్లె రొయ్యకీ పూసేస్తున్నాం. తర్వాత పైన మాడింది, లోపల చప్పగా ఉంది అని నిప్పుల్ని తిట్టుకుంటున్నాం. తప్పు నిప్పులది కాదు. ఏ మాంసానికి ఏ పులుపు, ఎంత, ఎప్పుడు అన్న లెక్క మన వంటిళ్లలో ఎప్పటి నుంచో ఉంది. దాన్నే బొగ్గుల మీదికి తెచ్చుకోవాలి.

2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది మాంసాహారులే. కాబట్టి ఇది దాదాపు ప్రతి ఇంటికీ పనికొచ్చే లెక్క.

ముందు పులుపుల బలం చూద్దాం. పులుపును పీహెచ్ అంకెతో కొలుస్తారు. అంకె ఒకటి తగ్గితే పులుపు 10 రెట్లు పెరిగినట్టు. పెరుగు 4.5 దగ్గర, టమాటా దాదాపు అక్కడే ఉంటాయి. చిక్కటి చింతపండు రసం 3 లోపే ఉంటుంది. అంటే పెరుగు కంటే 30 రెట్లకు పైగా ఘాటైన పులుపు. నిమ్మరసం ఇంకా కింద, 2 నుంచి 2.6 మధ్య. ఇంత తేడా ఉన్నవాటిని ఒకదాని బదులు ఇంకొకటి వాడితే ముక్క ఒకేలా ఉంటుందనుకోవడం అత్యాశ.

చేపతో మొదలుపెడదాం. బాపట్ల నుంచి సూర్యలంక తీరం 9 కిలోమీటర్ల దూరం. అక్కడ దొరికే చందువా, వంజరం, కానాగంతలు ఉప్పునీటి చేపలు. సముద్రపు చేప చనిపోయాక దాని ఒంట్లోని ఒక పదార్థం ట్రైమిథైలమైన్‌గా మారుతుంది. మనం నీచు అనేది ఎక్కువగా దాని వాసనే. పులుపు తగిలితే అది లవణమై ముక్కలోనే ఉండిపోతుంది, ఆవిరై ముక్కు దాకా రాదు. చెరువు చేపలైన బొచ్చె, శీలావతిలది వేరే బాధ. వాటికి మట్టివాసన వస్తుంది. దానికి కారణం జియోస్మిన్. లక్ష కోట్ల పాళ్ల నీటిలో 10 పాళ్లు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. దాన్ని కూడా పులుపే విరగ్గొడుతుంది. ఉప్పునీటి చేపకైనా, చెరువు చేపకైనా మన పెద్దవాళ్లు చింతపండే వాడారంటే అందులో ఇంత రసాయనం ఉంది. చేపల పులుసు రుచి కోసమే పుట్టిన వంట అని నేననుకోను.

నిప్పుల మీద కాల్చే కిలో చేపకు నా కొలత ఇది. చింతపండు 60 గ్రాములు, వేడినీళ్లు 150 మిల్లీలీటర్లు, కారం 15 గ్రాములు, ఉప్పు 12 గ్రాములు, వెల్లుల్లి 20 గ్రాములు, పసుపు అర చెంచా, వేరుశనగ నూనె రెండు పెద్ద చెంచాలు. పసుపు దుగ్గిరాల యార్డుకి వచ్చే కొమ్ములు దంచుకున్నదైతే రంగు, వాసన రెండూ నిలుస్తాయి. చింతపండు పిసికి, గుజ్జు తీసి, సన్నటి సెగ మీద మరగనివ్వాలి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలిచే చిక్కదనం వచ్చాక దించి, మిగతావి కలపాలి. చేపకు రెండు వైపులా, ఎముక తగిలే దాకా వేలెడు ఎడంలో గాట్లు పెట్టి, ఆ ముద్దని గాట్లలోకి వేలితో నొక్కాలి. పైపైన పూస్తే కుదరదు. మసాలా ఎంతసేపు నానినా కండలోకి కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది. లోపలిదాకా పోగలిగేది ఉప్పు ఒక్కటే. ఇక నానబెట్టే సమయం అరగంట చాలు. నిమ్మరసంలో అయితే 15 నిమిషాలు దాటనివ్వొద్దు. చేపలో కండను పట్టి ఉంచే బంధనకణజాలం సుమారు 3 శాతమే, వేటమాంసం వంటివాటిలో అది 15 శాతం దాకా ఉంటుంది. అందుకే పులుపు ఎక్కువసేపు పడితే చేప తెల్లగా మారి, జల్లెడ మీద పొడిపొడిగా రాలిపోతుంది.

వేటమాంసం దీనికి పూర్తిగా ఎదురు. పులుపు ముందే వేస్తే ముక్క ఉడకదని మన ఇళ్లలో అంటారు, అది నిజం. వేటమాంసం సొంత పీహెచ్ 5.5 నుంచి 5.8 దాకా ఉంటుంది. అది 5.2 దగ్గరికి వచ్చినప్పుడు కండ తనలోని నీటిని అతి తక్కువగా పట్టుకుంటుంది. కొద్దిగా పులుపు తగిలితే సరిగ్గా అక్కడికే చేరి, ముక్క బిగుసుకుంటుంది. గోంగూర మాంసం వండేటప్పుడు ముక్క మెత్తబడ్డాకే ఆకు వేసేది అందుకే.

బొగ్గుల మీదా అదే వరస. కిలో ముక్కలకు ఒక పెద్ద చెంచా పచ్చి బొప్పాయి ముద్ద, 12 గ్రాముల ఉప్పు, అల్లంవెల్లుల్లి, నూనె పట్టించి రెండు మూడు గంటలు ఉంచాలి. బొప్పాయిలోని పపైన్ 60 నుంచి 70 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. అంటే అసలు పని ముక్క వేడెక్కేటప్పుడే జరుగుతుంది. రాత్రంతా ఉంచితే పైన పిండిలా అయిపోతుంది. పులుపు కాల్చిన తర్వాత రావాలి. 250 గ్రాముల ఎర్ర గోంగూరను నూనెలో మగ్గించి, పచ్చిమిర్చి, వెల్లుల్లితో నూరి, వేడి ముక్క మీద వేయాలి. కొవ్వు నాలుక మీద పేరుకోనివ్వని పులుపు అది. అమెరికాలో ఉత్తర కరోలినావాళ్లు కొవ్వున్న పందిమాంసానికి తీపి సాస్ పూయరు, వినిగర్, మిరప కలిపి చల్లుతారు. కొవ్వుకి పులుపే జోడు అన్నది వాళ్లూ కనిపెట్టినదే. కాల్చిన వేటమాంసానికి గోంగూరను మించిన సాస్ ప్రపంచంలో లేదని నా గట్టి నమ్మకం.

కారం విషయంలో ఒక జాగ్రత్త. 1912లో విల్బర్ స్కోవిల్ పెట్టిన కొలతలో గుంటూరు సన్నం మిరప 35,000 నుంచి 40,000 దాకా ఉంటుంది. కాశ్మీరీ మిరప 2,000 దరిదాపుల్లో ఆగిపోతుంది. తందూరీ వంటల్లో 3 చెంచాల కారం అని చెప్తే అది కాశ్మీరీ కారమని గుర్తుంచుకోవాలి. మన కారం ఒక చెంచా వేసి, రంగు చాలకపోతే చూసుకోవడం మేలు. కారపు ఘాటు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నూనెలోనో పెరుగులోనో కలిపాకే ముక్కకు పట్టించాలి.

కోడి సంగతి తేలిక. ఆరు వారాల్లో రెండు కిలోలయ్యే బ్రాయిలర్‌కి సొంత రుచి తక్కువ, ఏ సాసైనా ఒప్పుకుంటుంది. కిలోకి 125 గ్రాముల పెరుగులో 4 నుంచి 8 గంటలు నానితే చాలు. దించాక తెనాలి యార్డు నిమ్మకాయ ఒకటి పిండండి. అలబామాలో బాబ్ గిబ్సన్ 1925లో మయోనైజ్, వినిగర్ కలిపి తెల్ల సాస్ చేసిందీ కోడికే. సీసా తీపి సాస్ నప్పేదీ దీనికే, అదీ చివరి 5 నిమిషాల్లోనే పూయాలి. పంచదార 160 డిగ్రీల దగ్గర రంగు మారుతుంది, కణకణలాడే బొగ్గుల పైన వేడి 230 దాటుతుంది. నాటుకోడిని మాత్రం నేరుగా నిప్పుల మీద పెట్టకండి. దానికి కుండే సరైంది.

రొయ్య దగ్గర అందరూ తొందరపడాలి. రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువుల్లో పెరిగే వనామీ మన దేశంలోకి 2009లో అనుమతితో వచ్చింది. కొనేటప్పుడు కౌంట్ అడగండి. 50 కౌంట్ అంటే కిలోకి 50, ఒక్కోటి 20 గ్రాములు. ఆ సైజు నిప్పుల మీద రెండు నిమిషాల్లోనే ముడుచుకుని రబ్బరవుతుంది. 30 కౌంట్ అయితే ఒక్కోటి 33 గ్రాములు, వైపుకి రెండు నిమిషాలు తట్టుకుంటుంది. కాల్చడానికి అదే కొనాలి. రొయ్యకు గ్లైసిన్ వల్ల సొంత తీపి ఉంది. దాని మీద పంచదార సాస్ పోయడం డబ్బు పెట్టి రుచి పోగొట్టుకోవడమే. ఉప్పు, పసుపు, నూనె పట్టించి కాల్చి, కోరిన పచ్చి మామిడికాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి దంచి పక్కన పెట్టుకుంటే చాలు. మామిడి కాలం కాకపోతే చింతచిగురు, అదీ లేకపోతే నిమ్మచెక్క.

సీసా కొనొద్దని చెప్పడం లేదు. చీటీ మీద పదార్థాలు బరువు ప్రకారం, ఎక్కువున్నది ముందుగా రాయాలన్నది నియమం. మొదటి పేరు పంచదార అయితే ఆ సీసా కోడికి ఉంచుకోండి. వినిగరో టమాటాయో ముందుంటే వేటమాంసానికీ వాడొచ్చు. కొన్ని విదేశీ సాస్‌ల చీటీలో చింతపండు కనిపిస్తుంది. లీ అండ్ పెరిన్స్ 1837లో అమ్మకానికి తెచ్చిన వూస్టర్ సాస్‌లోనూ అది ఉంది. సముద్రాలు దాటి తిరిగొచ్చిన మన పులుపును సీసా ధర పెట్టి కొనే ముందు, వంటింటి జాడీలో ఉన్నదాన్ని ఒకసారి మరిగించి చూడండి.

చివరగా రెండు మాటలు. ఎముక దగ్గర కోడి 74 డిగ్రీలు, చేప 63 డిగ్రీలు చేరాలి. 500 రూపాయల లోపు దొరికే వంట థర్మామీటర్ గుచ్చి చూస్తే అనుమానం తీరిపోతుంది. పచ్చి మాంసం నానిన మసాలాను కాలిన ముక్క మీద మళ్లీ పూయొద్దు. పైన వేసుకోవాల్సిన సాస్‌ను మాంసానికి పట్టించక ముందే వేరే గిన్నెలోకి తీసి పెట్టుకోండి.