నిర్మాణ సాధనం – చలరాశులు

ప్రోగ్రామర్ రాసేది మూలపాఠం; కంప్యూటర్ నడిపేది దాని నుండి తయారైన ప్రోగ్రాము. ఈ రెంటి నడుమ వారధియే నిర్మాణ సాధనం. 2000 సంవత్సరంలో వెలువడిన ‘సీమేక్’ వీటిలో ప్రసిద్ధం. వైద్య చిత్రాలను విశ్లేషించే ‘ఇన్‌సైట్ టూల్‌కిట్’ను వేర్వేరు కంప్యూటర్లపై నిర్మించవలసిన అవసరమే దీని పుట్టుకకు కారణం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గాని, తార్నాక పరిశోధనశాలల్లో గాని ఒక కంప్యూటర్‌పై లినక్స్, మరొకదానిపై విండోస్ ఉండవచ్చు. మూలపాఠం ఒక్కటే అయినా పరిస్థితులు వేరు. ఆ భేదాలను తెలిపేవే చలరాశులు. సీమేక్ వాటి విలువలను ‘సీమేక్‌క్యాష్’ అనే ఫైలులో భద్రపరుస్తుంది. ఆజ్ఞకు ‘-ఎల్’ చేర్చితే ముఖ్యమైన విలువలు తెరపై కనిపిస్తాయి. దానితో ‘-ఎన్’ కూడా చేర్చితే, చూడటమే తప్ప ఏ మార్పూ జరగదు. విలువను మార్చదలచినప్పుడు ‘-డి’ తరువాత చలరాశి పేరు, కొత్త విలువ రాయాలి.

ఇక్కడొక మెలకువ అవసరం. క్యాష్‌లో చేరిన విలువ తనంత తాను తొలగదు. మూలపాఠంలోని సహజ విలువను తరువాత మార్చినా, సాధారణంగా పాతదే చెల్లుతుంది. తన సవరణ ఫలించలేదని విద్యార్థి రాత్రంతా ప్రోగ్రాములో తప్పు వెదకవచ్చు. దోషం మాత్రం మరచిన పాత విలువలో ఉంటుంది. అట్లే లినక్స్‌పై ‘నిర్మాణ రకం’ చలరాశిని ఖాళీగా విడిచితే, వేగం పెంచే మెరుగులు సాధారణంగా చేరవు. లెక్కలు సరిగానే వచ్చినా కాలం వృథా అవుతుంది.

1829లో వేమన పద్యాలను ప్రచురించిన సి.పి. బ్రౌన్ పలు వ్రాతప్రతులను పోల్చి చూచి పాఠాన్ని నిర్ణయించాడు. ఉన్నదానిని చూడనిదే దిద్దరాదన్న ఆ నియమం కంప్యూటర్ యుగంలోనూ శిరోధార్యం.