అచ్చం అదే ఫోటో, ఇంకో ఆరు

నలుపు తెలుపు రోజుల్లో స్టూడియోవాళ్లను ఇబ్బంది పెట్టిన బేరం పెళ్లి ఫోటో కాదు, "పోయినేడు హాల్‌టికెట్‌కు తీశారే, అదే ఫోటో ఇంకో ఆరు కావాలి" అన్నది. మొదటిసారి ఎలా వచ్చినా చెల్లుతుంది, పక్కన పెట్టి చూడ్డానికి ఇంకోటి ఉండదు కాబట్టి. రెండోసారి కడిగితే ముఖం ఒక ఛాయ తగ్గిందో పెరిగిందో ఇట్టే దొరికిపోతుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లు. అక్కడ అచ్చం అదే ఫోటో మళ్లీ రావాలంటే ఎన్‌లార్జర్ ఒక్కటీ మాట వింటే చాలదు, కరెంటూ నీళ్లూ కూడా వినాలి.

ఒక నెగిటివ్ నుంచి ఎన్ని ప్రింట్లయినా తీయొచ్చన్న ఊహ ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్‌ది, 1841లో పేటెంటు తీసుకున్నాడు. చాలాకాలం నెగిటివ్ ఎంతుంటే ప్రింటూ అంతే. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ కాలం అదే. పెద్ద గాజుపలకల నెగిటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టేవారు. బొమ్మ కళ్లముందే ముదురుతుంది, చట్రం వెనక తలుపు సగం తెరిచి చూసుకుని, చాలనుకున్నప్పుడు తీసేయడమే. ఆయన గాజు నెగిటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి.

బ్రోమైడ్ కాగితం వచ్చాక ఈ సుఖం పోయింది. దాని మీద బొమ్మ వెలుతురు పడినప్పుడు కనపడదు, డెవలపర్‌లో వేశాకే లేస్తుంది. అప్పటిదాకా కన్ను చేసిన పని గడియారం చేయాల్సి వచ్చింది. మన సమస్య నిజంగా పుట్టింది ఇక్కడేనని నా లెక్క.

ఎండతో పనిచేసే ఎన్‌లార్జర్‌కు బాల్టిమోర్‌లో వుడ్‌వర్డ్ 1857లోనే పేటెంటు తీసుకున్నాడు గానీ, ఆ యంత్రానికి ఇంటింటా పని పెట్టింది 1925లో అమ్మకానికొచ్చిన లైకా కెమెరా. 24×36 మిల్లీమీటర్ల నెగిటివ్‌ను పెద్దది చేయకుండా ఎవరు చూస్తారు? నిర్మాణం కష్టమైనది కాదు. స్లైడ్ ప్రొజెక్టర్‌ను నేలచూపుగా నిలబెట్టినట్టుంటుంది: పైన బల్బు, దాని కింద కండెన్సర్ అద్దాలు, నెగిటివ్, లెన్సు, అడుగున కాగితం. తల పైకి జరిపితే బొమ్మ పెరుగుతుంది, వెలుతురు పలచబడుతుంది. రెండింతల ప్రింటుకు 10 సెకన్లు పడితే నాలుగింతలకు 40 అనుకుంటారు కొత్తవాళ్లు. 28 చాలు. ఎన్నింతలో దానికి ఒకటి కలిపి వర్గం చేయాలి: 9కి 25 ఎంతో, 10కి దాదాపు 28 అంత.

కరెంటు సంగతి వేరు. వోల్టేజీ ఎంత తగ్గితే వెలుతురూ అంతే తగ్గుతుందనుకోవద్దు, అది సుమారు 3.4వ ఘాతంలో పడిపోతుంది. 230 రావాల్సిన చోట 200 వస్తే వోల్టేజీ పోయింది 13 శాతం, వెలుతురు పోయేది 38 శాతం. పైగా ఫిలమెంటు ఎర్రబారుతుంది. బ్రోమైడ్ కాగితానికి ఎరుపు ఆనదు, అందుకే ఎర్ర బల్బు కింద పని జరుగుతుంది. కనుక కాగితానికి అందేది ఇంకా తక్కువ. పొద్దున 10 సెకన్లకు కుదిరిన ముఖం, చేలల్లో మోటార్లు ఆడే వేళ అదే 10 సెకన్లకు పాలిపోతుంది. స్టెబిలైజర్ లేని డార్క్‌రూమ్‌లో ఎంత ఖరీదైన టైమరున్నా దండగే.

నీళ్లతో మరో తంటా. ప్రింటు డెవలపర్‌కు 20 డిగ్రీలని పుస్తకం చెబుతుంది. అందులోని హైడ్రోక్వినోన్ చలికి ముడుచుకుంటుంది, వేడికి చెలరేగుతుంది. వేడి మరీ ఎక్కువైతే కాగితం మీది జెలటిన్ ఉబ్బి, గోరు తగిలినా లేచిపోతుంది. బొమ్మను నిలబెట్టే మందైన హైపోలో పటిక కలిపేది జెలటిన్‌ను గట్టిపరచడానికే. ఐసు ముక్కలు డెవలపర్‌లోనే వేస్తే పలచబడుతుంది, ట్రేను ఐసు నీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టాలి. మార్కాపురం వైపు నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, ఫోటోకు చెరుపు చేసేది నీళ్లలోని సున్నం. అది మందులతో కలిసి తెల్లటి మడ్డిగా దిగుతుంది. కాచి చల్లార్చిన నీళ్లయితే మేలు.

థర్మామీటరు మాట వినని రోజుకు ఒక ఉపాయముంది. హియర్‌ఫోర్డ్‌లో ఉండిన ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ 1890ల్లో చెప్పాడు: డెవలపర్‌లో బొమ్మ మొదటి నీడ ఎన్ని సెకన్లకు కనపడిందో చూసి, దాన్ని ఒక స్థిర సంఖ్యతో హెచ్చించండి. ఆ సంఖ్య 6 అనుకుందాం. నీడ 15 సెకన్లకు వస్తే మొత్తం 90. మిట్టమధ్యాహ్నం 10 సెకన్లకే వస్తే 60. డెవలపర్ పాతబడి నీరసించినా ఇదే లెక్క సర్దుకుంటుంది. ఇంత చవకైన, ఇంత తెలివైన పద్ధతి డార్క్‌రూమ్ చరిత్రలో మరోటి కనపడదు నాకు.

ఇక మిగిలింది రాసుకోవడం: నెగిటివ్ నంబరు, తల ఎత్తు, లెన్సు రంధ్రం, సెకన్లు, కాగితం గ్రేడు. మార్కాపురం పలకలకు పేరున్న ఊరే కావచ్చు, ఈ లెక్క మాత్రం తుడిచేసే పలక మీద రాస్తే లాభం లేదు. కాగితం పెట్టె మారితే టెస్ట్ స్ట్రిప్ మళ్లీ తీయాలి: 5, 10, 20, 40 సెకన్లు, ప్రతి మెట్టూ ముందుదానికి రెట్టింపు. తడిగా ఉన్నప్పుడు చూసి తీర్పివ్వకూడదు, ఆరాక ప్రింటు ఒక పిసరు నల్లబడుతుంది.

దేశంలో ఫిల్మూ ఫోటో కాగితమూ తయారుచేయడానికి 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌కు ఊటీని ఎంచుకున్నారు, అక్కడ గాలిలో దుమ్ము తక్కువ, చల్లదనం ఎక్కువ. 'ఇందు' పేరుతో అమ్మిన సరుకు అక్కడిదే. ఊటీ చలిలో పుట్టి వాడకానికి నల్లమల ఎండలకు దిగేది.

కలర్ వచ్చాక కథ తిరగబడింది. సి-41 పద్ధతిలో ఫిల్ము కడిగేది 37.8 డిగ్రీల దగ్గర, ఇక్కడి వేసవి మధ్యాహ్నం కన్నా కొంచెం తక్కువ. కానీ అటూ ఇటూ 0.15 డిగ్రీ కదలకూడదు. కలర్ ల్యాబ్‌లో పొద్దున్నే మొదటి ఆర్డరు ముట్టుకోకముందు, ఫ్యాక్టరీలోనే వెలుతురు చూపించి పంపిన కంట్రోల్ స్ట్రిప్ ఒకటి కడిగి, దాని ముదురుదనం మీటరుతో కొలిచి, గ్రాఫు కాగితం మీద చుక్క పెడతారు. చుక్క గీత దాటిందా, ఆ పూట ఎవరి రీలూ యంత్రంలోకి వెళ్లదు.