వెలుగుకూ జీర్ణోద్ధరణ

గోదావరిఖని బొగ్గుధూళి దేవుని గడపను కూడా విడిచిపెట్టదు. దానిని తుడవడం అర్చకులకు నిత్యకృత్యం. అయితే తొందరపడి తుడవరానివీ ఉంటాయని మెదక్ చర్చి గవాక్షాల ముందు నిలిస్తే తెలుస్తుంది.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన ఆ మందిరంలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం రంగుటద్దాలపై కొలువుదీరాయి. ఆరోహణ గవాక్షం 1927 నాటిది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన.

పాఠక మహాశయులారా! ఇటువంటి అద్దాలలో రంగు గాజులోనే కరిగి ఉంటుంది. కనుముక్కు తీరు మాత్రం గాజుపొడి, లోహభస్మం కలిపి పైన చిత్రించి కొలిమిలో కాల్చినది. కాల్పు చాలకుంటే తడిబట్టకే ముఖం చెరిగిపోతుంది! అందుకే నిపుణులు సబ్బును, ఆమ్లాన్ని దరిచేరనివ్వరు. లవణాలు తీసిన నీట తడిపిన దూదితో అంగుళం అంగుళంగా మలినం తీస్తారు. ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలు కాలక్రమాన అలసి వంగితే, గవాక్షాన్ని దింపి కొత్త పట్టీలు అమరుస్తారు. పగిలిన ముక్కను అతికించి యథాస్థానంలో నిలుపుతారు. ప్రధానాంగం భిన్నమైన బింబాన్ని నీట విడువమనే ఆగమం చదివిన నాకు ఇది వింతగానే తోచింది.

ఒక ప్రాచీనాలయంలో సున్నపు పూతలు వదిలించేందుకు యంత్రంతో ఇసుక చిమ్మించారు. ద్వారపాలకుని చిరునవ్వు అరిగిపోయింది. ఆనాడు నేను పక్కనే ఉన్నాను. రాయి తెల్లబడుతోందని సంతోషించాను కూడా.