టైరు ఎక్కింది, కానీ కూర్చోలేదు

మా నాన్నగారికి మూడు నాలుగేళ్లకోసారి బదిలీ అవుతుంది. సామాను సర్దే ప్రతిసారీ ఏది తీసుకెళ్లాలి, ఏది ఎవరికైనా ఇచ్చేయాలి అని ఇంట్లో పెద్ద చర్చ. అందులో ఎప్పుడూ నెగ్గేది అన్నయ్య మడత సైకిలే. చక్రాలు 20 ఇంచులవి. మధ్యకు మడిస్తే మంచం కింద పట్టేస్తుంది. విశాఖపట్నం నుంచి ఓడలో మాతోపాటే వచ్చి హాడో వార్ఫ్‌లో దిగింది.

హాడోలో ఎటు వెళ్లినా ఎక్కడమో దిగడమో తప్పదు. కాలేజీ నుంచి వచ్చేసరికి అన్నయ్యకు కాళ్లు పీకేవి. అందుకని ముందు చక్రంలో 250 వాట్ల చిన్న బ్యాటరీ మోటారు బిగించాడు. అది బాగానే పనిచేసింది. కానీ మోటారు లాగే చక్రం కాబట్టి ముందు టైరు తొందరగా అరిగిపోయింది. ఒక వానాకాలంలో పూర్తిగా చీలింది. ఆ కొలత టైరు మేము అడిగిన షాపుల్లో లేదు. "వచ్చే షిప్పులో రావచ్చు" అన్నారు.

అప్పుడు అన్నయ్యకు ఒక ఆలోచన వచ్చింది. మోపెడ్ టైరు మందంగా ఉంటుంది, తొందరగా అరగదు, ఏ షాపులో చూసినా వేలాడుతూ ఉంటుంది. అదే వేస్తే?

"అది 16, నీది 20. ఎలా పడుతుంది?" అన్నాను.

"పడుతుంది, చూడు" అన్నాడు. నిజంగానే పట్టింది! ఎలాగో తెలిస్తే మీకూ ఆశ్చర్యంగా ఉంటుంది.

సైకిలు టైరు మీద రాసే ఇంచులు, గాలి కొట్టాక టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకు ఉండే సుమారు కొలత. మోపెడ్, మోటారు సైకిలు టైర్ల మీద రాసేది లోపలి రిమ్ము కొలత. ఒక లెక్క చేద్దాం. అన్నయ్య సైకిలు రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 406 మిల్లీమీటర్లు. దానికి రెండు వైపులా సుమారు 51 మిల్లీమీటర్ల టైరు కలిపితే 508. అంటే సరిగ్గా 20 ఇంచులు. ఇక మోపెడ్ 16ని 25.4తో గుణిస్తే 406.4 మిల్లీమీటర్లు. పేర్లు వేరు, రిమ్ము కొలత దాదాపు ఒకటే! చిన్నపిల్లల 16 ఇంచుల సైకిలు రిమ్ము మాత్రం 305 మిల్లీమీటర్లే ఉంటుంది. మోపెడ్ 16 దాని మీద వదులుగా వేలాడుతుంది. అంటే ఒకే అంకె ఉన్న రెండు టైర్లు ఒకదాని చోట ఒకటి పట్టవు, వేరే అంకెలు ఉన్నవి పడతాయి. అంకెను కాదు, ఆ అంకె దేన్ని కొలుస్తోందో చూడాలన్నమాట.

అన్నయ్య ఇంతవరకు సరిగ్గానే లెక్క వేశాడు. అక్కడితో ఆగిపోవడమే పొరపాటు.

మోపెడ్ టైరు 2.50-16. అంటే వెడల్పు రెండున్నర ఇంచులు, సుమారు 64 మిల్లీమీటర్లు. అన్నయ్య పాత సైకిలు టైరు 44 మిల్లీమీటర్లది. కొత్తది వెడల్పే కాదు, ఎత్తు కూడా. అందుకే ముందు మడ్‌గార్డు తీసేయాల్సి వచ్చింది. ఫోర్కు మధ్య వేలు దూరనంత సందు మిగిలింది. బ్రేకు రబ్బర్ల మధ్య నుంచి టైరు పోలేదు. "వెనక బ్రేకు ఉందిగా" అని ముందు బ్రేకు విప్పి పక్కన పెట్టాడు.

రెండు రోజులు బాగానే తిరిగాడు. మూడో రోజు సాయంత్రం వాన వెలిశాక పల్లం దిగుతుంటే ముందు టైరులో గాలి ఒక్కసారిగా పోయింది. వెనక బ్రేకు ఒక్కటే పట్టుకుంటే సైకిలు జారింది. అన్నయ్య పక్కనున్న గడ్డిలో పడ్డాడు. మోచేతులు, మోకాళ్లు కొట్టుకుపోయాయి. వెనక బండ్లేవీ రాకపోవడం మా అదృష్టం. ఆ రాత్రి అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు సైకిలును నడిపించుకుంటూ పంచర్ షాపుకు వెళ్లాం. షాపాయనది శ్రీకాకుళం వైపు. మేము బాబాయ్ అని పిలుస్తాం. ఆయన ట్యూబు తీసి చూపించాడు. వాల్వు మొదట్లో చిరిగి ఉంది.

"టైరు ఎక్కింది బాబూ, కానీ కూర్చోలేదు" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. టైరు అంచులో ఇనుప తీగ ఉంటుంది. గాలి నింపినప్పుడు ఆ అంచు రిమ్ముకు గట్టిగా అదుముకోవాలి. మోపెడ్ టైరు అంచు మందం, దాని కోసం చేసే రిమ్ము వెడల్పు. సైకిలు రిమ్ము సన్నం. సన్నటి రిమ్ము మీద వెడల్పాటి టైరు బుడగలా ఉబ్బి, మలుపులో పక్కలకు ఊగుతుంది. మోటారు లాగినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతుంది. దాంతోపాటు ట్యూబూ జరుగుతుంది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. చివరికి అక్కడే చిరుగుతుంది.

ఇంకో సంగతి. మోపెడ్ టైరు పక్కన 41L అని ఉంది. 41 అంటే ఆ టైరు 145 కిలోల బరువు మోయగలదు, L అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదు అని గుర్తు. టైరుకు అంత బలం ఉన్నా రిమ్ముకు, ఫోర్కుకు, స్పోకులకు, బ్రేకుకు అంత బలం రాదు. వేగం గంటకు 15 నుంచి 30 కిలోమీటర్లు అయితే, ఆపడానికి బ్రేకు చేయాల్సిన పని రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. మా ఫిజిక్స్ పుస్తకంలోని గతిజ శక్తి సూత్రం ఇదే.

"మరి మోపెడ్ టైరు వేయడానికి దారే లేదా?" అని అడిగాను.

ఉందట. టైరు ఒక్కటే మారిస్తే చాలదు, చక్రం మొత్తం మారాలి. మోపెడ్ రిమ్ము, లావు స్పోకులు, హబ్బులోనే ఉండే డ్రమ్ము బ్రేకు, ఆ టైరు చుట్టూ ఖాళీ ఉండేంత వెడల్పు ఫోర్కు, అంత బరువుకు తగిన ఫ్రేము కావాలి. అవన్నీ మార్చాక అది సైకిలు కాదు, మోపెడే. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నంతవరకే చట్టం బ్యాటరీ సైకిలును మోటారు వాహనంగా లెక్కించదు. అది దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు అన్నీ కావాలి. గేర్లు లేని 50 సీసీ బండి లైసెన్సుకైనా 16 ఏళ్లు నిండాలి.

బాబాయ్ అన్నయ్యకు ఒక చీటీ రాసిచ్చాడు. అందులో "50-406" అని మాత్రమే ఉంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఇది సైకిలు టైరే, కానీ పాతదాని కంటే కొంచెం లావు, ఫోర్కులో బ్రేకుతో సహా పడుతుంది. షిప్పు వచ్చేదాకా అన్నయ్య కాలేజీకి నడిచి వెళ్లాడు. టైరు వచ్చాక ముందుగా బిగించింది బ్రేకు. చక్రాన్ని చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూసి, మా వీధిలోనే నాలుగుసార్లు తొక్కి, అప్పుడు పల్లం దిగాడు.

బాగా వాడుకలోకి వచ్చిన గాలి టైరు పుట్టిందే ఒక పిల్లవాడి కోసం. 1887లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి దాన్ని చేశాడు. కాబట్టి సైకిళ్లకు కొత్తవి ప్రయత్నించడం తప్పేమీ కాదు. ఈరోజు ఇంటికి వెళ్లగానే మీ సైకిలు టైరు పక్కన తడిగుడ్డతో తుడిచి చూడండి. 50-406 లాంటి అంకె కనిపిస్తే నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. రేపు ఏ ఊరికి బదిలీ అయినా ఆ అంకె చెబితే చాలు, సరైన టైరు దొరుకుతుంది.